మన ఓటు ఏ ఊళ్లో ఉంది?

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, పొడుపు కథలు, టెన్త్‌లో మంచి మార్కులు వచ్చినవారి ఫోటోలు ఉంటాయి. అలాంటి పుస్తకంలో ఎన్నికల మీద వ్యాసమేమిటని తమ్ముళ్లు, చెల్లెళ్లు అనుకోవచ్చు. మేము కూడా ఒకప్పుడు రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టల్‌కు వచ్చినవాళ్లమే. అప్పట్లో మాకు రాజకీయాలంటే గోడల మీద రాతలు, మైకు కట్టిన జీపులు, జీపు వెనక ఉరికి ఏరుకునే రంగు కాగితాలు. అంతే. ఏ పార్టీ మంచిది, ఎవరికి వేయాలి అనే మాట ఈ వ్యాసంలో దొరకదు. అది ఎవరి ఇంట్లో వారు ఆలోచించుకోవలసినది. హాస్టళ్లలో చదివి బయటపడ్డ మనవాళ్ల ఓటు చాలాసార్లు ఊళ్లోనూ పడదు, పట్నంలోనూ పడదు. అది మధ్యలో ఎక్కడ జారిపోతోంది, జారిపోకుండా ఎలా పట్టుకోవాలి అన్నదే మేము చెప్పదలచుకున్నది.

ముందు మన పళ్లెం సంగతి చూద్దాం. ఒక విద్యార్థి తిండికి నెలకు ఎంత ఖర్చు పెట్టాలన్నది వార్డెన్ సారు చేతిలో ఉండదు. ప్రభుత్వం జీవో ఇస్తే ఆ లెక్క ప్రకారమే సరుకులు వస్తాయి. తెలంగాణలో 2024 నవంబరు వరకు 3 నుంచి 7వ తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలు, 8 నుంచి 10 వరకు 1,100 రూపాయలు, ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 రూపాయలు ఇచ్చేవారు. ఆ తర్వాత 40 శాతం పెంచి 1,330, 1,540, 2,100 చేశారు. పాత 950ని ముప్పై రోజులకు పంచి చూడండి. రోజుకు 32 రూపాయలు కూడా రావు. కూర, పప్పు, గుడ్డు, పాలు అన్నీ అందులోనే రావాలి. దొడ్డు బియ్యం పోయి 2015 జనవరి నుంచి సన్నబియ్యం వచ్చాయంటే అది కూడా హైదరాబాదులో తీసుకున్న నిర్ణయమే. అంటే మన బువ్వ బడ్జెట్ నుంచి వస్తుంది, బడ్జెట్ శాసనసభ నుంచి వస్తుంది, శాసనసభ ఓటు నుంచి వస్తుంది. కానీ ఆ బువ్వ తినే పిల్లలకు ఓటు లేదు. వాళ్ల అమ్మానాన్నలకు ఉంది, ఇక్కడ చదివి వెళ్లిన అన్నలకు, అక్కలకు ఉంది. ఆ ఓట్లు జాబితాలోనే లేకపోతే, లేదా ఉండి కూడా పడకపోతే, హాస్టల్ గురించి ఆలోచించాల్సిన తొందర ఏ నాయకుడికైనా ఎందుకుంటుంది?

ఇప్పుడంటే ఓటు అందరికీ ఉందని తేలికగా అనేస్తున్నాం. మన తాతల కాలంలో సంగతి వేరు. నిజాం రాజ్యంలో మామూలు జనానికి పాలకులను ఎన్నుకునే హక్కు లేదు. వెట్టి చేయమంటే చేయాలి, పన్ను కట్టమంటే కట్టాలి. భూమి ఉన్నవాడికి, చదువుకున్నవాడికి మాత్రమే ఓటు ఉండాలని బ్రిటిష్ ఇండియాలో కూడా పెద్దలు చాలామంది వాదించేవారు. డాక్టర్ అంబేద్కర్ 1928లో సైమన్ కమిషన్ ముందు నిలబడి వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు కావాలని అడిగారు. చదువు లేనివాడికి ఓటు ఎందుకన్న ప్రశ్న ఆయనకూ ఎదురైంది. చివరికి రాజ్యాంగం 326వ అధికరణంలో ఆస్తి, చదువు, కులం, స్త్రీ పురుష భేదం ఏదీ అడ్డుకాకుండా ఓటు హక్కు వచ్చింది. అప్పుడు 21 ఏళ్లు నిండాలి. రాజ్యాంగం 61వ సవరణతో 1989 నుంచి అది 18 అయింది.

మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. మన నల్లగొండ జిల్లాలో అప్పటికి సాయుధ పోరాటం ఆగి కొన్ని నెలలే అయింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడం వల్ల వారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానం అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు అందరిదీ, ఒక సీటు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. జనరల్ సీటులో రావి నారాయణరెడ్డి, రిజర్వుడు సీటులో సుంకం అచ్చాలు, ఇద్దరూ పీడీఎఫ్ వారే, గెలిచారు. రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో పోటీ చేసిన ప్రధాని నెహ్రూ గారి కన్నా ఎక్కువ. నెహ్రూ గారిది కూడా ఇద్దరు సభ్యుల నియోజకవర్గమే కాబట్టి ఈ పోలిక సరైనదే. పోటీ పరీక్షలు రాసే తమ్ముళ్లు దీన్ని బిట్టుగా బట్టీ పడతారు. మేము మాత్రం ఆ మూడు లక్షలు వేసిన చేతుల గురించి ఆలోచిస్తాం. వాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. అందుకే అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావడమే. దొర ముందు చెప్పులు విడిచి నడిచిన మనిషి, దొర వేసిన పెట్టెలోనే వేయాల్సిన పని లేకుండా ఒక కాగితం వేసి వచ్చాడు.

ఆ ఎన్నికల్లోనే ఇంకో సంగతి జరిగింది, పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించదు. ఓటర్ల జాబితా రాసేటప్పుడు దేశంలో చాలాచోట్ల స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించుకున్నారు. అలా సొంత పేరు లేని పద్దులను ఎన్నికల సంఘం తీసేసింది. సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ సారి ఓటు వేయలేకపోయారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది ఎక్కువ. హక్కు రాజ్యాంగంలో ఉంది, పేరు జాబితాలో లేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ముందు దీంతో పని ఉంది.

నల్లగొండ జిల్లా ఓటును గెలుపు ఓటములకే వాడలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలు దానికి సాక్ష్యం. మన మేళ్లచెరువు వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఉన్నాయి గానీ మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లు తాగి పిల్లల పళ్లు పచ్చబడ్డాయి, ఎముకలు వంగాయి, నడి వయసువారు కర్ర పట్టారు. ఎన్ని అర్జీలు ఇచ్చినా నీళ్లు రాలేదు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఒక ఉపాయం చేసింది. ఊరూరా బాధితుల చేత, రైతుల చేత నల్లగొండ ఎంపీ స్థానానికి నామినేషన్లు వేయించింది. చివరికి బరిలో 480 మంది మిగిలారు. అంతమంది పేర్లు, గుర్తులు ఒక కాగితం మీద పట్టవు. పోలింగును వాయిదా వేసి, పుస్తకమంత బ్యాలెట్ అచ్చు వేయించారు. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావారిలో దాదాపు అందరూ డిపాజిట్లు పోగొట్టుకున్నారు. అయితేనేం? నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా చదివింది.

దానికి ప్రభుత్వం ఇచ్చిన మొదటి జవాబు మాత్రం నీళ్లు కాదు. ఆ ఏడాదే చట్టం మార్చి ఎంపీ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఎస్సీ, ఎస్టీలకు 250 నుంచి 5,000. ఇప్పుడు అది 25,000, ఎస్సీ ఎస్టీలకు 12,500. స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. బీదవాడు నామినేషన్‌తో నిరసన తెలిపే దారి ఇరుకైంది. ఇంటింటికీ మంచినీళ్లు ఇస్తామన్న మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో ఇదే ఉమ్మడి జిల్లాలోని చౌటుప్పల్ దగ్గర ఆవిష్కరించారు. 1996కూ దానికీ మధ్య 19 ఏళ్లు. నల్లగొండ ఉపాయాన్నే 2019లో నిజామాబాద్ పసుపు రైతులు వాడారు. అక్కడ 185 మంది పోటీలో నిలిస్తే ఎక్కువమంది రైతులే. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఓటుతో అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తుంది గాని అడిగిన గుర్తు మాత్రం రికార్డులో ఉండిపోతుంది.

సరే, అంత పెద్ద పనులు అందరూ చేయలేరు. ఒక్క ఓటుతో ఏమవుతుందని అనేవారికి మన చుట్టుపక్కల లెక్కలే చెబుతాం. మేళ్లచెరువు హుజూర్‌నగర్ అసెంబ్లీ నియోజకవర్గంలో, నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఉంది. 2016 అక్టోబరు నుంచి జిల్లా సూర్యాపేట. పక్కనే ఉన్న కోదాడలో 2018 డిసెంబరులో గెలుపు తేడా 756 ఓట్లు. ఒక్క పోలింగ్ కేంద్రంలో ఉండే ఓటర్లే చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ. మన జిల్లాలోని ఎస్సీ రిజర్వుడు స్థానం తుంగతుర్తిలో 2014లో 2,379 ఓట్లు, 2018లో 1,847 ఓట్లు తేడా. చేవెళ్ల కూడా ఎస్సీ స్థానమే, 2023లో అక్కడ 268 ఓట్లతో ఫలితం తేలింది. ఒక కాలేజీ హాస్టల్‌లో ఉండే పిల్లలంత మంది! ప్రతిసారీ ఇలాగే ఉంటుందని మేము అనడం లేదు. 2019 అక్టోబరులో మన హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో తేడా 43 వేలు దాటింది. ఏ సారి దగ్గరగా ఉంటుందో, ఏ సారి దూరంగా ఉంటుందో ముందు ఎవరికీ తెలియదు, అదే చిక్కు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనవాళ్ల ఓటు ఎలా జారిపోతుంది?

మేము చూసిన దారి ఇది. పదో తరగతి వరకు ఇక్కడ హాస్టల్. ఇంటర్‌కు కోదాడో సూర్యాపేటో. డిగ్రీకి, కోచింగ్‌కు హైదరాబాద్. 18 నిండే నాటికి పిల్లవాడు ఊళ్లో ఉండడు. ఓటర్ల నమోదుకు వచ్చిన బీఎల్‌ఓ, అంటే మన ఊరి అంగన్‌వాడీ టీచరో బడి పంతులో, ఇంట్లో అడిగితే అమ్మ 'మా పిలగాడు పట్నంలో ఉన్నడు' అంటుంది. ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. పట్నంలో కాలేజీ హాస్టల్‌కు ఎవరూ రారు. వచ్చినా 'నాది ఈ ఊరు కాదు' అంటాడు మనవాడు. రెండు ఊళ్ల మధ్య ఓటు పోయింది. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. పుట్టినింట్లో నమోదు కాకముందే పెళ్లి, లేదా నమోదయ్యాక అత్తగారి ఊరికి పోతే పేరు ఇక్కడే మిగిలిపోయి, కొన్నాళ్లకు 'ఊళ్లో లేదు' అని తీసేస్తారు.

ఇంట్లో ఉండని విద్యార్థికి ఎన్నికల సంఘం రెండు దారులు ఇచ్చింది. తల్లిదండ్రులు ఉండే ఊళ్లో నమోదు చేసుకోవచ్చు, లేదా చదువుకునే చోట హాస్టల్ చిరునామాతో చేసుకోవచ్చు. హాస్టల్ చిరునామా అయితే కనీసం ఏడాది కాలం ఉండే గుర్తింపు పొందిన కోర్సు చదువుతూ ఉండాలి, ప్రిన్సిపాల్ చేత బోనఫైడ్ రాయించుకోవాలి. రెండు చోట్లా ఉండకూడదు. రెండు చోట్ల పేరు ఉంచుకొని అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడే నేరం. కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్ కాబట్టి మన మండలాల్లో అటూ ఇటూ చుట్టరికాలు ఎక్కువ, అందుకే ఇది ప్రత్యేకంగా చెబుతున్నాం.

ఏది మంచిది అని అడిగితే మా సలహా ఊరే. కాలేజీ హాస్టల్ మూడేళ్లలో ఖాళీ చేస్తాం, ఆ చిరునామాలో ఉన్న ఓటు ఆ తర్వాత ఎవరిదీ కాకుండా పోతుంది. పైగా పంచాయతీ ఓటర్ల జాబితాను కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారు చేస్తారు. 2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు జరిగినప్పుడు ఊరి జాబితాలో పేరు లేనివారు ఊరికి వచ్చి కూడా ఊరకే నిలబడి చూశారు. అమ్మానాన్నలు లేనివారు, ఊరికి వెళ్లే పరిస్థితి లేనివారు మాత్రం హాస్టల్ చిరునామాతోనే చేసుకోవాలి. ఏదీ చేసుకోకుండా ఉండడం కన్నా అది నయం.

పుట్టిన తేదీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన హాస్టల్ రిజిస్టరు తీసి చూడండి, సగం మందికి జూన్ నెలలో పుట్టినరోజు! బడిలో చేర్చిన నాడు సారు వేసిన తేదీ అది. ఇది నవ్వుకునే సంగతే గాని పాత పద్ధతిలో దీనివల్ల నష్టం జరిగేది. అప్పుడు ప్రతి ఏటా జనవరి 1 నాటికి 18 నిండినవారికే ఓటు. 1986 జూన్‌లో పుట్టినట్టు రాసి ఉన్నవారికి 2004 ఏప్రిల్ ఎన్నికల్లో ఓటు రాలేదు. తర్వాతి అసెంబ్లీ ఎన్నికలు 2009 ఏప్రిల్‌లో. దాదాపు 23 ఏళ్లు వచ్చేదాకా ఎమ్మెల్యేకు ఓటు వేయలేదన్నమాట. మాలో అలాంటివారు ఉన్నారు. ఇప్పుడు పద్ధతి మారింది. 2022 ఆగస్టు నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు పెట్టారు. 17 నిండగానే ముందుగా దరఖాస్తు ఇవ్వవచ్చు, 18 నిండిన తర్వాత వచ్చే తేదీకి పేరు ఎక్కుతుంది. మామూలుగా జరిగితే తర్వాతి అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర రావాలి. 2010 సెప్టెంబరు లోపు పుట్టినట్టు రికార్డులో ఉన్నవారు అప్పటికి ఓటర్లు కావచ్చు. ఇది చదివేవారిలో అలాంటివారు ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకోండి.

కొత్తగా చేరడానికి ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తండ్రి పేరులో తప్పు ఉన్నా ఫారం 8. పెళ్లయిన అక్కలు అత్తగారి ఊరికి ఓటు మార్చుకోవడానికి కూడా ఫారం 8 చాలు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గాని, బీఎల్‌ఓ దగ్గర గాని ఇవ్వవచ్చు. 1950 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు. అభ్యంతరాలకు వారం రోజులు ఆగాలి కాబట్టి దానికి పది పదిహేను రోజుల ముందే దరఖాస్తు పడాలి. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు.

ఒకసారి కార్డు వస్తే పని అయిపోయిందని అనుకోవద్దు. కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో పేరు ఉంటేనే ఓటు. 2018 డిసెంబరు 7న తెలంగాణలో ఎంతోమంది కార్డు పట్టుకొని వెళ్లి పేరు లేక తిరిగి వచ్చారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ ఈ విషయంలో ప్రజలకు క్షమాపణ చెప్పారు. బీహార్‌లో 2025 ఆగస్టులో ప్రచురించిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పాత పేర్లు లేవు. చనిపోయినవారు, రెండు చోట్ల ఉన్నవారు, వలస పోయినవారు అన్నారు. కోర్టుల దాకా వెళ్లిన ఆ వివాదంలోకి మేము పోము. ఒక్కటి మాత్రం గమనించండి, ఇల్లు విడిచి బతకడానికి పోయినవారి పేరే ఎక్కడైనా ముందు ప్రశ్నలో పడుతుంది. మనవాళ్లు పోయేది కూడా అలాగే కదా. నోటీసు ఇవ్వకుండా పేరు తీయకూడదని నిబంధన ఉంది. అన్యాయంగా తీసేస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు, అక్కడా కాకపోతే రాష్ట్ర స్థాయికి. కానీ తీసేసిన సంగతి తెలిస్తేనే కదా అప్పీలు.

పేరు ఉంది, మనిషి పట్నంలో ఉన్నాడు. అప్పుడెలా? పోస్టల్ బ్యాలెట్ విద్యార్థులకు, వలస కూలీలకు లేదు. సైనికులకు, ఎన్నికల డ్యూటీలో ఉన్నవారికి, 85 ఏళ్లు దాటిన వృద్ధులకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి, ఇంకా కొన్ని అత్యవసర సేవల వారికి మాత్రమే ఉంది. ఉన్నచోటి నుంచే సొంత ఊరి ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించాలనుకుంది, పార్టీలు అభ్యంతరం చెప్పాయి, అది ముందుకు సాగలేదు. కాబట్టి బస్సెక్కి రావడమే దారి. పోలింగ్ రోజున ఓటున్న ఉద్యోగికి, రోజు కూలీతో సహా, జీతంతో సెలవు ఇవ్వాలని ప్రజా ప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది. హోటళ్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే మన అన్నలకు ఈ సంగతి చాలామందికి తెలియదు. 2024 మే 13కు ముందు రోజుల్లో సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ హైవే ఎలా నిండిపోయిందో చూసినవారికి గుర్తుంటుంది. ఆంధ్రావాళ్లు ఓటు కోసం అంత దూరం పోయారు. మేళ్లచెరువు శివరాత్రి జాతరకు ఎక్కడున్నా వచ్చే మనవాళ్లు పోలింగ్ నాడు మాత్రం 'సెలవు దొరకలే' అంటారు.

అయితే ఎక్కువ పోలింగ్ అంటే అంతా బాగున్నట్టు కాదు. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం దాటింది. 2023లో హైదరాబాద్ జిల్లాలో సగం కూడా పడలేదు. మునుగోడు వారు హైదరాబాద్ వారి కన్నా రెండింతల ప్రజాస్వామ్యవాదులా? ఉప ఎన్నికలో ఎంత డబ్బు, ఎంత మందు పారిందో పత్రికలన్నీ రాశాయి. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా భారతీయ న్యాయ సంహిత 170 సెక్షన్ కింద లంచమే. ఈ మాట మేము వాడలో చెబితే ఒక పెద్దమ్మ 'ఇచ్చేటోని ఇంటికి ముందు పోలీసులను పంపుర్రి బిడ్డా' అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు మాకు.

డబ్బు కన్నా పెద్ద సంగతి భయం. 'ఎవరికి వేసినమో వాళ్లకు తెలుస్తది' అని ఇళ్లలో అనుకుంటారు. దీనికి జవాబు కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఒక మనిషి ఎవరికి వేశాడో ఎవరికీ తెలియదు. మిషన్ పక్కన అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడిపోతుంది, దాని మీద మన పేరు ఉండదు. కానీ ఒక పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో లెక్కింపులో తెలుస్తుంది, ఆ పట్టిక అందరికీ దొరుకుతుంది. కాగితం బ్యాలెట్ల కాలంలో, అవసరమనుకున్న చోట, వేర్వేరు పెట్టెల కాగితాలను కలిపి లెక్కపెట్టే పద్ధతి ఉండేది. 2004 నుంచి అంతటా మిషన్లు వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే. మన వాడ అంతా ఒకే కేంద్రంలో ఉంటే, వాడ ఎటు మొగ్గిందో నాయకులు పట్టేస్తారు. 'మీ వాడ మాకు వేయలే' అని రోడ్డు, బోరు ఆపిన ఊళ్లు మనకు తెలియనివా? అనేక మిషన్ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ అనే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ కూడా సరేనంది. ఇప్పటికీ అమల్లోకి రాలేదు. డిగ్రీ, లా చదివే మన పూర్వ విద్యార్థులు దీని మీద మాట్లాడాలి, రాయాలి. ఓటు వేయండి అని బడుగులకు చెప్పడం సులువు. వేసినందుకు వారి వీధి మీద కక్ష కట్టకుండా చూసే ఏర్పాటు గురించి అడిగేవారు తక్కువ.

ఇక హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీకు ఓటు లేదు గాని ఇంట్లో చదవడం వచ్చిన మొదటి మనిషి చాలాచోట్ల మీరే. దసరా సెలవులకో సంక్రాంతికో ఇంటికి పోయినప్పుడు నాన్న కార్డు, అమ్మ కార్డు, నాయనమ్మ కార్డు ముందు పెట్టుకొని ఆ నంబర్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో కొట్టి చూడండి. ఫోన్ లేకపోతే బీఎల్‌ఓ దగ్గర జాబితా ఉంటుంది. ఇంటి పేరు తప్పు, వయసు తప్పు, ఫోటో ఒకరిది పేరు ఇంకొకరిది, ఇలాంటివి మీ కంటికే పడతాయి. చదువుకున్నవారు లేని పక్కింటికి కూడా ఆ పని చేసి పెట్టండి. అన్నకు 18 నిండిందా అని అడగండి. బొంబాయికో, బీవండికో పోయిన బాబాయి పేరు ఉందా అని చూడండి.

పోలింగ్ రోజు ఇంట్లోవారికి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. పార్టీలవాళ్లో బీఎల్‌ఓనో ఇచ్చే చీటీ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోరు, ఫోటో ఉన్న గుర్తింపు కావాలి. ఓటరు కార్డు లేకపోయినా ఆధార్, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటి పన్నెండు రకాల్లో ఏదైనా చెల్లుతుంది. అప్పటికే ఎవరో మన పేరు మీద ఓటు వేసి పోయారని చెబితే తిరిగి రావద్దు. నేనే అసలు మనిషినని నిరూపించి టెండర్డ్ బ్యాలెట్ అడిగితే కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది మిషన్ లెక్కలో కలవదు గాని, ఫలితం కోర్టుకు పోతే అక్కడ దానికి విలువ ఉంటుంది. పోలింగ్ ముగిసే వేళకు వరసలో ఉన్నవారికి చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు పంచుతారు. ఆ చీటీ చేతిలో ఉన్న ప్రతి ఒక్కరి చేతా, ఎంత పొద్దుపోయినా, ఓటు వేయించాలి. పట్నం నుంచి వచ్చే బస్సు ఆలస్యమైతే అన్న నేరుగా ఇంటికి పోకుండా, సంచితోనే వచ్చి ఆ వరసలో నిలబడమని ఫోన్‌లో చెప్పండి.